పటమునందలి భూమి

భూమి గుండ్రముగ నున్నదని పాఠశాలలలో చిన్న తరగతులయందే బోధింతురు. బోధించిన మరునాడే గోడకు వ్రేలాడదీసిన చదునైన పటమును జూపి, ఇదియే భూమి యందురు. ఈ రెండు మాటలకును గల వైరుధ్యము బాలురకు దోచదు. దోచినను అడుగుటకు సాహసింపరు. అడిగినచో దగిన సమాధానము చెప్పగల యుపాధ్యాయులు కొలదిమంది. పటము భూమికి బ్రతిబింబమను నమ్మకము మనలో చిన్ననాడే నాటుకొని పెద్దవారమైన పిమ్మటను వీడిపోదు. ఒక దేశము పెద్దదనియు వేఱొకటి చిన్నదనియు, ఒక ఖండము పైనున్నదనియు మఱియొకటి క్రిందనున్నదనియు, ఒక యూరి రేఖాంశమింతయే గాని వేఱొండు గానేరదనియు మనము నిశ్చయముగ నమ్మెడి విషయములలో బెక్కు పటమువలన వచ్చినవి గాని భూమివలన వచ్చినవి గావు. అవి యెట్లు వచ్చినవో, ఎవరి యవసరమునుబట్టి వచ్చినవో కొంత విచారింతము.

భూమి గోళమని మనవారెఱిగి చాల కాలమైనది. ఆర్యభటుడు అది గోళమనుటయేగాక తన చుట్టు దాను దిరుగుచున్నదనియు జెప్పెను. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు గోళాధ్యాయమున నొక శంక నెత్తుకొని సమాధానము చెప్పినాడు. భూమి గోళమైనచో మన కంటికి జదునుగ నేల కనబడవలయునని శంక. వృత్తపరిధిలో నూఱవ భాగము చూచువారికి వంపు లేనట్లే తోచును; భూమి మిక్కిలి పెద్దది, మనుష్యుడు మిక్కిలి చిన్నవాడు; కనుక వాని చూపు పాఱినంత మేర సమతలమనియే తోచునని సమాధాన తాత్పర్యము. పటముల సంగతియంతయు నీ సమాధానములోనే యిమిడియున్నది. ఒక పొలమును, ఒక గ్రామమును, ఒక చిన్న పట్టణమును జదునైన కాగితముమీద గీసినచో గలుగు దోషము లెక్కకు రాదు. సర్వేవారు గొలుసు లాగి గీసిన పొలముల పటములలో భూమి వంపు నెవ్వరును దలపెట్టలేదు. అందువలన రైతునకు సెంటు భూమియైన దప్పిపోలేదు. అయితే గ్రామములను జేర్చి తాలూకాగను, తాలూకాలను జేర్చి జిల్లాగను, జిల్లాలను జేర్చి దేశముగను గూర్చునప్పుడు, ఆ దాచిన వంపు ఎక్కడనో యొకచోట బయటపడక తీఱదు.

ఎట్లు బయటపడునో చూపుటకు భాస్కరుడే మఱియొక యుపమానమును మన చేతికిచ్చినాడు. గోళముయొక్క పైవైశాల్యమును గణించు సందర్భమున ఆయన గోళమును ఉసిరికాయతో బోల్చెను. ఉసిరికాయ మీద తొడిమనుండి యడుగువఱకు సహజముగ గీతలుండును. ఆ గీతలవెంట గోళపు పైభాగమును బద్దలుగ విభజించి, ఒక్కొక బద్ద వైశాల్యమును గనుగొని కూడవలయునని ఆయన మార్గము. ఆయన యుద్దేశము గణితము. పటము గీయుట కాదు. అయినను ఆ బద్దల నొలిచి బల్లమీద బఱచి చూడుడు. ప్రతి బద్దయు నడుమ వెడల్పై, రెండు కొనలయందును సన్నగిల్లి యుండును. నడుమ నొకదాని నొకటి తాకును. కొనలకడ నెడమెడముగ విడిపోవును. ఐరోపాలో గోళములు చేయువారు సరిగా నిట్టి బద్దలనే యచ్చువేసి బంతికి నంటించెడివారు. 1507లో వాల్డ్‌సేముల్లరు అచ్చొత్తించిన గోళపు కాగితములో నిట్టి బద్దలు పండ్రెండున్నవి. వానిని బంతికి నంటించినంతకాలము సత్యము చెడదు. బల్లమీదనే యుంచి, నడిమి సందులు కనబడకుండ నొకే పటము చేయవలయునన్నచో బద్దల కొనలను బ్రక్కలకు సాగదీయవలయును. సాగదీసినచో ధ్రువప్రాంతములు లావెక్కును. లావెక్కకుండ సందులట్లే విడిచినచో సముద్రములును ఖండములును చీలిపోవును. ఒకటి దిద్దబోయిన వేఱొకటి చెడును.

ఇది పటము గీయువారి నేర్పులేమివలన గలిగిన లోపము కాదు. హానోవరు రాజ్యమును స్వయముగ సర్వేచేసిన గణితజ్ఞుడు గౌస్ 1827లో దీనిని సిద్ధాంతీకరించెను. ఒక తలమును సాగదీయక, చింపక ఎంత వంచినను దాని సహజమైన వక్రత మాఱదని ఆయన నిరూపించెను. కాగితమును జుట్టి గొట్టము చేయవచ్చును, పొట్లము చేయవచ్చును; బంతి మాత్రము చేయరాదు. కావున దూరములన్నియు సరిగా నుండునట్టి భూపటము ఏ కాలమందును గలుగదు. కోణములను గాపాడు పటము కలదు. వైశాల్యములను గాపాడు పటము కలదు. ఒక స్థలమునుండి దూరములను గాపాడునదియు గలదు. అన్నింటిని గాపాడునది లేదు. ఏది విడువవలయునో నిర్ణయించుకొనుటయే పటము గీయువాని మొదటి పని.

ఈ నిర్ణయము ప్రాచీన కాలమునుండియు నున్నదే. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని టాలెమీ, వేలకొలది స్థలములకు అక్షాంశ రేఖాంశములను పట్టికగ వ్రాసి, గోళమును జదునుచేయుటకు రెండు పద్ధతులను జెప్పెను. ఆ పట్టికలో మన కృష్ణాతీరమును గలదు: మైసోలియా యనునది మచిలీపట్టణ ప్రాంతము, కొంటకొస్సిల యనునది ఘంటసాల, ఆ యూరి ప్రాచీన శాసనములలో గంటకసేల యను పేరు గన్పట్టుచున్నది. అంకెలను జూచిన నెంతో శాస్త్రీయముగ దోచును. ఆ యంకెలనుబట్టి పటము గీసినచో మాత్రము దక్షిణాపథము సముద్రములోనికి జొచ్చుకొని రాదు. తీరము దాదాపు తూర్పునకే సాగిపోవును. సింహళము భారతదేశముతో బోటీపడునంత పెద్దదగును. మధ్యధరా సముద్రముపొడవు సుమారు 42 అంశలుండగా ఆయన లెక్కలో 62 అయినది. కారణము లనేకములు. వానిలో నొకటి యేమనగా, ఎరటోస్థెనీసు ఒక అంశకు 700 స్టేడియములని నిర్ణయింపగా, టాలెమీ 500 మాత్రమే గ్రహించెను. నావికులు చెప్పిన దూరములను జిన్నదైన భూమిపై బఱచుటచేత అంశలు పెరిగిపోయినవి. అంకె యున్నంతమాత్రమున సత్యమున్నట్లు గాదని మొదట దెలుపు సాక్ష్యమిది. ముందు దీనితో మఱల బని యున్నది.

నేడు లోకమునకంతకు బరిచితమైన పటము ఫ్లాండర్సువాడగు మెర్కేటరు 1569లో బదునెనిమిది కాగితములపై నచ్చువేయించినది. అది నావికులకొఱకని దాని శీర్షికలోనే కలదు. నావికుని కష్టమేమనగా: దిక్సూచిని జూచుకొని యొకే దిక్కునకు బోవు నావ గోళముమీద సరళముగ బోదు, ధ్రువమువైపునకు జుట్టలుగ దిరుగు వక్రమార్గమున బోవును. ఆ మార్గమును గొలబద్దతో గీయదగిన సరళరేఖగ మార్చుట మెర్కేటరు సాధించిన ఘనకార్యము. ధ్రువమువైపునకు బోనుబోను దగ్గఱపడు రేఖాంశములను ఆయన సమాంతరములుగ నిలిపెను. అందువలన దూర్పుపడమరలుగ భూమి సాగిపోయెను. దానికి దగినట్లు ఉత్తరదక్షిణములుగ గూడ నంతే సాగదీసెను. రెండువైపులను సమముగ సాగుటచేత కోణములు చెడలేదు. ఎంత సాగదీయవలయునో గణించు పట్టికను 1599లో ఆంగ్లేయుడగు ఎడ్వర్డు రైటు ప్రకటించెను.

కోణమునకు జెల్లించిన మూల్యము వైశాల్యము. 60 అంశల అక్షాంశమున బొడవును వెడల్పును రెండింతలై, భూమి నాలుగింతలుగ గనబడును. మన తెలుగుదేశము నడుమ, అనగా 16 అంశల ప్రాంతమున, పెరుగుదల నూటికి ఎనిమిదే. ధ్రువమునకు బటమున జోటే లేదు, అది అనంతదూరమున నుండును. గ్రీన్‌లండు వైశాల్యము సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. భారతదేశము 32 లక్షల 87 వేలు. ఆఫ్రికా మూడు కోట్లకు మించినది. మెర్కేటరు పటమున గ్రీన్‌లండు ఆఫ్రికాతో సమానముగ గూర్చుండును! పదునాలుగు గ్రీన్‌లండులు ఆఫ్రికాలో నిముడునని చెప్పిన విద్యార్థులు నవ్వుదురు. గోళముమీద కాగితమునుంచి కత్తిరించి చూపినగాని నమ్మరు.

నావికునికై పుట్టిన యీ పటము పాఠశాల గోడ కెక్కుటయే చిక్కులకు మూలము. దీర్ఘచతురస్రముగ నుండును, గోడకు బాగుగ నమరును, దిక్కులు సులభముగ దెలియును. ఎక్కించుటకు గారణములు సామాన్యములే. అయినను బ్రిటిషు సామ్రాజ్యమును ఎఱ్ఱరంగుతో బూసిన ఆ పటములలో కెనడా యొక్కటియే యాకాశమునంతయు గప్పివైచినట్లుండుట పాలకులకు నచ్చని సంగతి కాదు. మెర్కేటరు ఐరోపాను బెద్దచేయవలయునని కుట్రపన్నెనని కొందఱిప్పుడు వ్రాయుదురు. అది న్యాయము గాదు. ఆయన తన పటము దేనికొఱకో దానిమీదనే వ్రాసికొన్నాడు. ఓడ నడుపువాని పనిముట్టును దెచ్చి బాలురకు లోకస్వరూపమని చూపిన పిమ్మటి విద్యాధికారులది తప్పు. కత్తెరతో అన్నము వడ్డించి, కమ్మరిని నిందించి ప్రయోజనమేమి?

ఈ యన్యాయమును దిద్దుదునని 1973లో జర్మనుడగు ఆర్నో పీటర్సు ఒక పటమును బ్రకటించెను. అందు వైశాల్యములన్నియు సరియైన నిష్పత్తిలో నుండును. క్రైస్తవ సంఘములును అంతర్జాతీయ సహాయసంస్థలును దానిని మిక్కిలి యాదరించినవి. అయితే అట్టిదానినే 1855లో జేమ్సు గాల్ అను మతాచార్యుడు చూపియుండెను. పీటర్సు దానిని గ్రొత్తదని చాటుట పండితులకు గోపము దెప్పించినది. అంతకంటె ముఖ్యమైన లోప మింకొకటి గలదు. వైశాల్యమును గాపాడుటకై ఆ పటము ఆకారమును విడిచెను. భూమధ్యరేఖకడ దేశములు నిలువునకు రెండింతలు సాగినవి. ఆఫ్రికా తడిసిన వస్త్రమును దండెముమీద నారవేసినట్లు వ్రేలాడును. మన యాంధ్ర తెలంగాణములును ఆ పటమున నున్న వెడల్పునకు దగినదానికంటె దాదాపు రెండింతల నిడుపుతో గనబడును. ఎవరికి న్యాయము చేయదలచెనో వారి రూపమునే ఎక్కువగ జెఱచుట విచిత్రము. 1989లో ఉత్తర అమెరికాలోని భూగోళశాస్త్ర సంస్థలు కొన్ని కలిసి, సామాన్య ప్రయోజనమునకై దీర్ఘచతురస్రాకారపు ప్రపంచపటముల నసలే వాడరాదని తీర్మానించినవి. మెర్కేటరునకును పీటర్సునకును గూడ నది వర్తించును. 2018లో వెలువడిన ఈక్వల్ ఎర్త్ అను పటము వైశాల్యములను గాపాడుచు ఆకారములను సాధ్యమైనంత సహ్యముగ నుంచినది, అంచులు గుండ్రములు. మెర్కేటరు పటమునకు బదులు ఇట్టిదానిని వాడవలయునను నుద్యమమును 2025 ఆగస్టులో ఆఫ్రికా సమాఖ్య బలపఱచెను.

ఇంతలో మెర్కేటరు గోడనుండి దిగి జేబులో జేరినాడు. గూగుల్ పటములు 2005లో ఆయన పద్ధతినే గైకొన్నవి. తరువాత వచ్చినవారు బెక్కుమంది దానినే యనుసరించిరి. ఇందును నిజమైన హేతువు గలదు. వీధులు లంబముగ గలిసినచోట పటమునను లంబముగనే కలియవలయును. కోణములను గాపాడు పటముననే యది పొసగును. వీధి వెదకువానికి వైశాల్యముతో బనిలేదు. వీధి వెదకి ముగించి వ్రేలితో పటమును జిన్నదిచేసి ప్రపంచమునంతయు జూచువానికి మరల ఆ లావెక్కిన గ్రీన్‌లండే కనబడును. 2018లో గూగుల్ సంస్థ కంప్యూటరు తెరపై మిక్కిలి దూరమునుండి చూచినపుడు గోళమునే చూపునట్లు మార్చెను. చేయదగిన పని చేసిరి.

మన పాఠశాలలకు గావలసినదియు నదియే. తరగతికొక గోళము, వెల తక్కువదైనను సరే, పటముకంటె ముందు బాలుని చేతికి రావలయును. పటమును జూపునప్పుడు దాని పేరు, అది దేనిని గాపాడి దేనిని విడిచినదో ఒక్క వాక్యములో జెప్పవలయును. పాఠ్యపుస్తకములలో ప్రక్షేపణములపై అధ్యాయమొకటి యుండును, దానిని బరీక్షకై వల్లించుటయు గలదు. అదే పుస్తకములోని ప్రపంచపటము క్రింద మాత్రము ఏ ప్రక్షేపణమో వ్రాయరు.

ఇంతవఱకు గీతల సంగతి. అంకెలకు వత్తము. పటము చెడినను అక్షాంశ రేఖాంశములు చెడవుగదా యని యనుకొనువారు గలరు. అక్షాంశమునకు సున్న భూమియే యిచ్చినది; ధ్రువములకు నడుమ నున్నదే భూమధ్యరేఖ. రేఖాంశమునకు సున్నను మనుష్యులే నిర్ణయించుకొనవలయును. సూర్యసిద్ధాంతము లంకకును మేరువునకును నడుమ నున్న రేఖను మధ్యరేఖగ గ్రహించి, రోహీతకము, అవంతి, కురుక్షేత్రము దానిపై నున్నవని చెప్పినది. ఉజ్జయినికి దూర్పున నున్నవారును బడమట నున్నవారును తమ గణితమునకు దేశాంతరసంస్కారము చేయవలయును. ఆ యంతరమును గనుగొనుటకు జెప్పిన యుపాయము చంద్రగ్రహణము: మధ్యరేఖకు గణించిన కాలముకంటె నాలస్యముగ గ్రహణము గనబడినచో మనము తూర్పున నున్నాము, ముందుగ గనబడినచో బడమట నున్నాము. ఉపాయము నిర్దుష్టము. గడియారములు సూక్ష్మములు గావు. అందుచే ఉజ్జయినికిని కురుక్షేత్రమునకును వాస్తవముగ నొక యంశకు మించిన యంతర మున్నను ఒకే రేఖపై నున్నవని నిలిచిపోయినది. లంకమాట చెప్పనక్కఱలేదు. సిద్ధాంతములలోని లంక భూమధ్యరేఖపై నున్న గణితస్థానము. సింహళద్వీపము దానికి ఉత్తరమునను దూర్పునను గలదు.

1884లో వాషింగ్టనున గూడిన సభలో ఇరువదియైదు దేశములవారు గ్రీనిచ్చి రేఖను సున్నగ నంగీకరించుటపై మతములిచ్చిరి. ఇరువదిరెండు దేశములు అనుకూలము, ఒకటి వ్యతిరేకము, ఫ్రాన్సు, బ్రెజిలు తటస్థములు. ఫ్రాన్సు 1911వఱకు బారిసు రేఖనే విడువలేదు. అప్పటి నౌకలలో బెక్కు గ్రీనిచ్చి పటములనే వాడుచుండుటయే ఈ నిర్ణయమునకు ముఖ్యకారణము. ఆ స్థలమునకు వేఱొక మహిమ యేదియు లేదు.

సున్న ఎక్కడనున్నను, దానినుండి మనమెంత దూరమున నున్నామో కొలువవలయునుగదా. ఆ కొలత మన ప్రాంతమునకు జెన్నపట్టణమునుండి వచ్చినది. 1786లో విలియం పెట్రీ తన స్వంతముగ నేర్పఱచుకొన్న నక్షత్రశాలను కంపెనీవారు గైకొని 1792లో నుంగంబాకమున గట్టించిరి. అక్కడి యంత్రమును మోసిన రాతిస్తంభ మింకను నిలిచియున్నది. దానిపై లాటినుతోపాటు తెలుగు, తమిళ లేఖనములును గలవు. ఆ శాలవారు బృహస్పతి చంద్రుల గ్రహణములను గనిపెట్టి, ఆ కాలమును గ్రీనిచ్చి కాలముతో సరిపోల్చి రేఖాంశమును నిర్ణయించుచుండిరి. చంద్రగ్రహణమునకు బదులు గురుచంద్రుల గ్రహణము. సూర్యసిద్ధాంతపు యుక్తియే, దూరదర్శినితో జేసినది. ఎత్తుకొన్న ఫలము 80 అంశల 17 కళల 21 వికళలు. 1802లో విలియం ల్యాంబ్టను పరంగిమల దగ్గఱ మూలరేఖను గొలిచి ప్రారంభించిన మహాత్రికోణ సర్వేయంతయు ఈ యంకెనే యాధారముగ జేసికొని ఉత్తరమునకు సాగెను. తీగటపాలు వచ్చి, రెండు నక్షత్రశాలల గడియారములను నేరుగ సరిపోల్చుట సాధ్యమైనప్పుడు, ఆ యంకె సుమారు రెండున్నర కళ లెక్కువయని తేలెను. కాలములో నది పది సెకనులు. నేలమీద నాలుగున్నర కిలోమీటర్లు!

అప్పటికి దేశమంతయు బటముల కెక్కియుండెను. హైదరాబాదును, బెజవాడయు, విశాఖపట్టణమును, అన్నియు నొకే మొత్తము తూర్పునకు జరిగియున్నవి. ఒకదానికొకటి దూరములలో దోషములేదు. కనుక రహదారి వేయువానికిగాని శిస్తు కట్టువానికిగాని నష్టములేదు. సర్వేవారు పటములన్నింటిని మరల గీయలేక, దశాబ్దములపాటు పటపు టంచున నొక గమనికను మాత్ర మచ్చువేయుచు వచ్చిరి: ఈ రేఖాంశములు చెన్నపట్టణపు నక్షత్రశాలకు ఇంత యని గ్రహించి వేసినవి, ఇంత తగ్గించుకొనవలయును. ఆ చిన్న యక్షరముల గమనికయందు నాకు గౌరవమెక్కువ. దిద్దలేని దోషమును దాచక చెప్పినారు. పాత పటములను గ్రంథములలో దిరిగి యచ్చువేయువారు అందముకొఱకని అంచులు కత్తిరించుట మన దేశమున వాడుకయైనది. అట్లు కత్తిరించినచో నాలుగున్నర కిలోమీటర్ల దోషము దోషమని తెలియకుండ మిగిలిపోవును.

ల్యాంబ్టను 1823లో హింగన్‌ఘాటున మరణింపగా, సర్వే జార్జి ఎవరెస్టు చేతికి వచ్చెను. ఆయన అంతకుముందే, 1819లో, కృష్ణాగోదావరుల నడిమి యడవులలో జ్వరముపాలై చావు తప్పించుకొన్నవాడు. భూమి ధ్రువములకడ నొత్తుకొనిన గోళముగదా. ఆ గోళమునకు ఎంత కొలత, ఎంత యొత్తు అనునది తెలియక త్రికోణములను గణింపరాదు. ఎవరెస్టు భారతదేశపు కొలతలను ముఖ్యాధారముగ జేసికొని 1830లో నొక ప్రమాణమును నిర్ణయించెను. నేటి యుపగ్రహముల కొలతతో బోల్చిన ఆయన భూమి వ్యాసార్ధము సుమారు 860 మీటర్లు చిన్నది. మధ్యభారతమందలి కల్యాణపురమును మూలస్థానముగ నుంచి ఆ చిన్న గోళమును మన దేశపు నేలకు సరిపడునట్లు హత్తించిరి. దర్జీ ఒకని కొలతకు గుట్టిన చొక్కావలె అది భారతదేశమునకు జక్కగ నమరినది, లోకమునకంతకు నమరదు. దాని కేంద్రము భూమియొక్క నిజమైన కేంద్రమునుండి ఎనిమిది వందల మీటర్లకు మించి తొలగియున్నది.

ఇక్కడ నొక యాశ్చర్యకరమైన చిక్కు బయలుపడినది. అక్షాంశమును నక్షత్రములతో గనుగొనునప్పుడు నిట్టనిలువు ఏదో తెలియవలయును. తాపీపనివాడు గోడ నిలువు చూచుటకు గుండును వ్రేలాడదీసినట్లే, సర్వేవారును గుండునే నమ్ముదురు. కల్యాణపురమునకును, హిమాలయములకు దగ్గఱనున్న కలియానా యను స్థలమునకును నడిమి అక్షాంశభేదమును త్రికోణములతో గొలిచిన నొక ఫలమును, నక్షత్రములతో గొలిచిన వేఱొక ఫలమును వచ్చెను. భేదము 5.236 వికళలు, అనగా నేలపై సుమారు 160 మీటర్లు. హిమాలయములు గుండును దమవైపునకు లాగుచున్నవని కలకత్తాలోని ఆర్చిడీకన్ ప్రాట్ అను మతాధికారి గణితము చేసెను. ఆయన గణితము ప్రకారము లాగవలసినది 15.885 వికళలు. పర్వతములు లాగవలసినదానిలో మూడవ వంతే లాగినవి! దీనికి 1855లో గ్రీనిచ్చి నక్షత్రశాలాధ్యక్షుడగు ఏరీ సమాధానము చెప్పెను: పర్వతములకు గ్రింద లోతైన తేలికైన వేళ్లున్నవి, నీటిపై మంచుగడ్డవలె అవి తేలుచున్నవి, క్రింది తేలిక పైబరువును గొంత సరిపెట్టుచున్నది. ప్రాట్ పిమ్మట వేఱొక విధముగ సమాధానపఱచెను. పటములోని యొక చిన్న తేడాను దాచిపెట్టక పట్టుకొని వ్రేలాడుటవలన భూగర్భముయొక్క స్థితి తెలియవచ్చినది.

నిలువును జూపు గుండే వంగినచో దానిపై నిర్మించిన యంకె లన్నియు వంగును. ఉపగ్రహములు వచ్చి ఈ బాధను దప్పించినవి. అవి భూమి ద్రవ్యకేంద్రముచుట్టు దిరుగును. కొండలు వాని కొలతబద్దను బ్రక్కకు లాగలేవు. 1984నాటి ప్రపంచ గోళప్రమాణ మట్లు కేంద్రమునుండి కట్టినది. నేటి దూరవాణి యంత్రములలోని స్థాననిర్ణయము దానిననుసరించును. 2005లో బ్రకటింపబడిన జాతీయ పటవిధానము ప్రకారము భారత సర్వేశాఖవారు ప్రజలకిచ్చు పటములును దానికే మాఱినవి. అంతకుముందు అచ్చైన సర్వేపటములు ఎవరెస్టు ప్రమాణమునకు వేసినవి. ఇది గమనింపక, పాతపటమునుండి యొక గుడియొక్క అక్షాంశ రేఖాంశముల నెత్తి నేటి దూరవాణిలో వేసికొని పోయినచో, మన ప్రాంతములలో గుడికి గొన్ని వందల అడుగుల దూరమున నిలువవలసివచ్చును. శాసనములను, పాడువడిన కోటలను వెదకువారు దీనిని బాగుగ నెఱుగుదురు. నేల కదలలేదు, గుడి కదలలేదు. అంకెను లెక్కించు మూలము మాఱినది. ఇట్టి సందర్భమున నొక చెఱువుగట్టు ఎవరి సరిహద్దులో నున్నదను తగవు వచ్చినచో, రెండు పక్షములవారును చేతిలో వికళలవఱకు వ్రాసిన యంకెలను బట్టుకొని ప్రమాణము చేయగలరు. ఇరువురును సత్యమే చెప్పుచుందురు. ఆ యంకెల ప్రక్కన ఏ ప్రమాణమో వ్రాసియుండకున్న న్యాయాధికారి యేమి చేయును? ఆంధ్రదేశమున 2020 డిసెంబరులో బ్రారంభమైన భూముల పునఃసర్వే ఉపగ్రహాధారముగ జరుగుచున్నది. కావున ఈ ప్రశ్న పండితులది మాత్రమే కాదు, కరణపు లెక్కలను జూచి బ్రదుకు రైతులది కూడ.

హిమాలయముల గుండు తగవును దీర్చిన యా ఏరీయే గ్రీనిచ్చిలో 1851నుండి పనిచేసిన యంత్రమును నెలకొల్పినవాడు. 1884నాటి సభ ఆ యంత్రము నడుమగా బోవు రేఖనే లోకమునకంతకు సున్నయని నిర్ణయించెను. గ్రీనిచ్చిలో హిమాలయములు లేవు. అయినను భూమిలోపలి ద్రవ్యపు హెచ్చుతగ్గులవలన నచ్చటి నిలువును రవంత వంగియున్నది. అందుచే ఉపగ్రహముల సున్న ఏరీ రేఖపై బడక, దానికి దూర్పుగ సుమారు 102 మీటర్ల దూరమున బడును. నక్షత్రశాల ముంగిట నేలలో బొదిగిన రేఖకు రెండువైపులను జెఱియొక పాదము మోపి ఛాయాచిత్రములు దీయించుకొనువారు ప్రతిదినమును గలరు. వారిలో గొందఱు చేతిలోని యంత్రమును జూచుకొని, అందు సున్న గనబడకుండుటచే బ్రక్కనున్న తోటలోనికి, తూర్పుగ, అంకెను జూచుకొనుచు నడచిపోవుదురు.